నాలుగు వాల్వులు, ఐదు సంఖ్యలు: రాస్ప్‌బెర్రీ పై 5కు మారినప్పుడు తప్పిన పిన్నుల లెక్క

ఈ కేసు నారుమొక్కల షెడ్డు ఒకదానిలో నీటి సరఫరాను నడిపే చిన్న నియంత్రణ పెట్టెకు సంబంధించినది. షెడ్డులో నాలుగు మడులు ఉన్నాయి. ఒక్కో మడికి 24 వోల్టుల సోలినాయిడ్ వాల్వు (కరెంటు ఇస్తే తెరుచుకునే వాల్వు) ఒకటి, ఆ నాలుగింటినీ తెరిచి మూసే నాలుగు రిలేల (కరెంటుతో పనిచేసే స్విచ్‌ల) బోర్డు ఒకటి ఉన్నాయి. మడుల నుంచి కారిన నీరు చేరే తొట్టిలో ఒక ఫ్లోట్ స్విచ్ ఉంది. తొట్టి నిండగానే అది మూసుకుని, వాల్వులన్నీ కట్టేయమని ప్రోగ్రాముకు తెలియజేయాలి. ఈ పెట్టె రాస్ప్‌బెర్రీ పై 3 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద చాలాకాలం ఇబ్బంది లేకుండా నడిచింది. ఆ బోర్డు పాడైనప్పుడు దాని స్థానంలో రాస్ప్‌బెర్రీ పై 5 పెట్టారు, పైథాన్ ప్రోగ్రామును దానికి తగినట్టు మార్చారు, పాత బోర్డులో ఏ వైరు ఏ పిన్నుకు ఉందో కొత్త బోర్డులోనూ అదే పిన్నుకు గుచ్చారు. ఆ మర్నాటి నుంచే వాల్వులు ఒకటి అడిగితే ఒకటి తెరుచుకోవడం మొదలైంది.

నన్ను మూడో రోజున పిలిచారు. ఫోన్లో టెక్నీషియన్ చెప్పిన మాటలను నోటు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే రాసుకున్నాను: “సార్, రెండో మడి తెరవమంటే ఒకటో మడికి నీళ్లు వెళ్తున్నాయి. నాలుగు అంటే మూడో మడికి వెళ్తున్నాయి. ఒకటీ మూడూ అడిగితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. లాగ్‌లో మాత్రం అన్నీ తెరుచుకున్నట్టే ఉంది.” కారణమంతా ఈ నాలుగు మాటల్లోనే ఉంది. అయినా అది నాకు అప్పుడు కనిపించలేదు, ఎందుకంటే వైర్లు తారుమారై ఉంటాయనే నేను కూడా మొదట అనుకున్నాను.

నేను వెళ్లేసరికే అక్కడ ఒక మరమ్మతు జరిగిపోయింది. రిలే బోర్డు అవుట్‌పుట్ వైపు టెర్మినల్ బ్లాకులో ఒకటో వాల్వు వైరును, రెండో వాల్వు వైరును ఒకదాని స్థానంలో మరొకటి బిగించారు. దాంతో రెండో మడి అడిగితే రెండో మడికే నీళ్లు వెళ్లాయి. ఆ ఒక్క ఫలితం చూసి తాము పట్టిన దారి సరైనదేనన్న నమ్మకం వారికి కుదిరింది. ఒకటో మడి అప్పటికీ తెరుచుకోకపోవడంతో రెండో రిలే కాలిపోయిందని తేల్చి, కొత్త రిలే బోర్డు కూడా తెప్పించి ఉంచారు. ఈలోగా పరీక్ష నడుస్తుండగా తొట్టి నిండి పొర్లింది. ఫ్లోట్ పైకి లేచినా ప్రోగ్రాము వాల్వు కట్టలేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది ఇదే. వాల్వు తప్పుగా తెరుచుకుంటే కంటికి కనిపిస్తుంది. రక్షణ కోసం పెట్టిన స్విచ్ పనిచేయకపోతే నీళ్లు నేల మీదికి వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

పెట్టెలో వెతికిన క్రమం

ముందుగా వాల్వుల 24 వోల్టుల సరఫరాను ఆపించాను, తరువాత బోర్డు పవర్ తీసి హెడర్‌లో (బోర్డు అంచున ఉండే రెండు వరుసల పిన్నుల్లో) ఉన్న వైర్లన్నిటినీ విప్పాను. పెట్టె మూత లోపల పాత కాగితం ఒకటి అంటించి ఉంది: రిలే 1కి 12, రిలే 2కి 18, రిలే 3కి 15, రిలే 4కి 22, ఫ్లోట్‌కు 16. ఆ సంఖ్యలు ఏ లెక్క ప్రకారం రాసినవో కాగితంలో లేదు. వైర్లను విప్పుతూ ఏది ఏ పిన్నులో ఉందో లెక్కపెట్టి చూశాను. కాగితంలో ఉన్నట్టే హెడర్ మీద 12, 18, 15, 22, 16 స్థానాల్లోనే ఉన్నాయి.

ఇక్కడ లెక్కపెట్టడం అన్నది తేలిక పనిలా కనిపిస్తుంది గాని, చాలామంది తప్పేది ఇక్కడే. 40 పిన్నుల హెడర్‌లో బేసి సంఖ్యలన్నీ ఒక వరుసలో, సరి సంఖ్యలన్నీ రెండో వరుసలో ఉంటాయి. ఒకటి ఈ వైపు, రెండు దాని ఎదురుగా, మూడు మళ్లీ ఈ వైపు. ఐసీ చిప్పుల అలవాటు ఉన్నవారు ఒక వరుస మొత్తం లెక్కపెట్టి రెండో వరుసలోకి తిరిగి వస్తారు, అలా చేస్తే మొదటి పిన్ను దాటగానే లెక్క తప్పిపోతుంది. బోర్డును తిరగేసి చూస్తే ఒకటో పిన్ను సోల్డర్ ప్యాడ్ మాత్రం చతురస్రంగా ఉంటుంది, మిగిలినవన్నీ గుండ్రంగా ఉంటాయి. ఎన్నిసార్లు చేసిన పనైనా సరే, నేను ఆ చతురస్రాన్ని చూసుకున్న తరువాతే లెక్క మొదలుపెడతాను.

తరువాత రిలే బోర్డును విడిగా పరీక్షించాను. అది ఇన్‌పుట్ ‘లో’ (సున్నా వోల్టులు) అయినప్పుడు రిలే పట్టుకునే రకం; ‘హై’ అంటే ఇక్కడ 3.3 వోల్టులు. దాని ఇన్‌పుట్ వైపుకు 3.3 వోల్టులు, కాయిల్ వైపుకు విడిగా 5 వోల్టులు ఇచ్చి ఉన్నాయి. ఇది సరైన పద్ధతి, ఎందుకంటే రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. హెడర్ నుంచి విడిపోయి ఉన్న ఇన్‌పుట్ వైర్లను ఒక్కొక్కటిగా గ్రౌండుకు తాకించాను. నాలుగు రిలేలూ తమ తమ వంతులో టక్కుమన్నాయి. కాలిపోయిందనుకున్న రెండో రిలే నిక్షేపంగా ఉంది. అంటే రిలే బోర్డు బాగుంది, వైర్లు కాగితానికి సరిపోయాయి, పిన్నులు సరైన చోటే ఉన్నాయి. ఇక మిగిలింది ప్రోగ్రాము.

ప్రోగ్రామును చదివేటప్పుడు నా దృష్టి మొదట పొలారిటీ మీదికి, అంటే ‘లో’, ‘హై’లలో ఏది రిలేను పట్టుకునేలా చేస్తుందన్న దాని మీదికి పోయింది. ‘లో’ అయితే పట్టుకునే రిలేలకు, పిన్నులను నడిపే జీపీఐఓ జీరో అనే పైథాన్ లైబ్రరీలో యాక్టివ్ హై అన్న ఆర్గ్యుమెంటును ఫాల్స్‌గా ఇవ్వాలి. అది మరిచిపోతే తెరవమన్నప్పుడు మూసుకుంటుంది, ఆపమన్నప్పుడు పట్టుకుంటుంది. నేను ఇంతకుముందు చూసిన మార్పిడి తప్పుల్లో ఇదే ఎక్కువ. ఈ ప్రోగ్రాములో ఆ ఆర్గ్యుమెంటు సరిగానే ఉంది, ప్రారంభ విలువ కూడా సరిగానే ఉంది. పైగా పొలారిటీ తిరగబడితే నాలుగు రిలేలూ ఒకే తీరుగా తిరగబడాలి గాని, రెండు పలికి రెండు పలకకుండా ఉండవు. లక్షణాన్ని ముందే ఇలా ఆలోచించి ఉంటే అరగంట మిగిలేది.

అప్పుడు మల్టీమీటర్ తీశాను. నల్ల ప్రోబును గ్రౌండైన 6వ పిన్నుకు ఆనించి, రెండో మడిని 2 సెకన్లు తెరిచి 2 సెకన్లు మూసే చిన్న లూపును నడిపాను. ప్రోగ్రాములో రెండో మడి సంఖ్య 18. ఎర్ర ప్రోబును 18వ పిన్ను మీద పెడితే రీడింగు సున్నాకు దగ్గరగా కదలకుండా ఉండిపోయింది. వరుసగా ఒక్కో పిన్నునూ చూసుకుంటూ పోతే 12వ పిన్ను దగ్గర అంకె 3.3 నుంచి సున్నాకు పడి, మళ్లీ 3.3కు లేచింది. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ లూపుతో పాటే కదిలింది. ప్రోగ్రాము చెప్పినది 18, కదిలినది 12.

ఈ రెండు సంఖ్యలు పక్కపక్కన కనబడగానే విషయం బోధపడింది, ఎందుకంటే హెడర్ మీది 12వ పిన్నుకే బీసీఎం లెక్కలో 18 అని పేరు. బీసీఎం లెక్క అంటే హెడర్ మీది స్థానాన్ని బట్టి కాకుండా, బ్రాడ్‌కామ్ చిప్పులోని లైన్లకు ఉన్న సంఖ్యలను బట్టి పిన్నును పిలవడం. నిర్ధారణ కోసం టెర్మినల్‌లో పిన్‌సీటీఆర్‌ఎల్ అన్న కమాండును నడిపితే 18వ లైను అవుట్‌పుట్‌గా ఉన్నట్టు, హెడర్ 18వ పిన్నుకు చెందిన 24వ లైనును ఎవరూ ముట్టుకోనట్టు చూపించింది. మిగిలిన సంఖ్యలకూ ఇదే కొలత తీసుకుని పట్టిక వేశాను.

| ప్రోగ్రాములో పేరు | రాసిన సంఖ్య | వైరు ఉన్న పిన్ను | నిజంగా తాకిన పిన్ను | ఆ పిన్నుకు ఉన్నది |
|---|---|---|---|---|
| మడి 1 | 12 | 12 | 32 | ఖాళీ |
| మడి 2 | 18 | 18 | 12 | రిలే 1 |
| మడి 3 | 15 | 15 | 10 | ఖాళీ |
| మడి 4 | 22 | 22 | 15 | రిలే 3 |
| ఫ్లోట్ | 16 | 16 | 36 | ఖాళీ |

టెక్నీషియన్ ఫోన్లో చెప్పిన నాలుగు మాటలూ ఈ పట్టికలో ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. రెండు అడిగితే ఒకటి, నాలుగు అడిగితే మూడు, మిగిలిన రెండూ ఖాళీ పిన్నులకు. ఫ్లోట్ సంగతి కూడా ఇక్కడే తేలింది. జీపీఐఓ జీరోలో బటన్ క్లాసు, వేరే చెప్పకపోతే, లోపలి పుల్‌అప్‌ను (పిన్నును హై వైపు లాగి ఉంచే రెసిస్టరును) వాడుతుంది. అందువల్ల ఏమీ తగిలించని 36వ పిన్ను ఎప్పుడూ హైగానే కనిపిస్తుంది, అంటే స్విచ్ ఎప్పటికీ మూసుకోలేదని, తొట్టి ఎప్పటికీ నిండలేదని ప్రోగ్రాము అనుకుంటుంది.

పదో పిన్ను గురించి ఒక మాట చెప్పాలి. అది సీరియల్ పోర్టు రిసీవ్ లైను కూడా. ఈ పెట్టెలో దానికి ఏమీ తగిలించలేదు కాబట్టి ప్రమాదం తప్పింది. అక్కడ ఏదైనా పరికరం తన ట్రాన్స్‌మిట్ లైనును కలిపి ఉంటే, రెండు అవుట్‌పుట్‌లు ఒకదాన్నొకటి హైకీ లోకీ లాగుకుంటూ ఉండేవి, పిన్ను దెబ్బతినేది. పిన్నుల లెక్క తప్పడం కేవలం పని జరగకపోవడంతో ఆగే తప్పు కాదు.

మాయమైన ఒక్క వరుస

పాత బోర్డు పాడైనా దాని మెమరీ కార్డు బాగానే ఉంది. అందులోని ప్రోగ్రామును తెరిచి చూశాను. పిన్నుల సంఖ్యలు ఒక చిన్న ఫైలులో విడిగా ఉన్నాయి. అవి కొత్త ప్రోగ్రాములో ఉన్నవే, ఒక్క అంకె తేడా లేదు. తేడా అంతా ప్రధాన ఫైలు పైభాగంలో ఉన్న ఒకే ఒక్క వరుసలో ఉంది: అక్కడ సెట్‌మోడ్ అన్న పిలుపులో బోర్డ్ అన్న విలువ ఇచ్చారు. కొత్త ప్రోగ్రాములో ఆ వరుస లేదు.

అది ఎలా పోయిందో చెప్పుకోవడం అవసరం, ఎందుకంటే మార్చినవారు నిర్లక్ష్యం చేశారని నేను అనుకోను. పాత ప్రోగ్రాము ఆర్‌పీఐ డాట్ జీపీఐఓ లైబ్రరీతో రాసినది. ఆ లైబ్రరీ ప్రధాన చిప్పులోని రిజిస్టర్లను మెమరీ ద్వారా నేరుగా తాకుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో హెడర్ పిన్నులు ప్రధాన చిప్పు నుంచి ఆర్‌పీ1 అనే వేరే చిప్పుకు మారాయి, ఈ రెండు చిప్పుల మధ్య సంబంధం పీసీఐఈ అనే లింకు ద్వారా నడుస్తుంది. అందువల్ల పాత లైబ్రరీ కొత్త బోర్డులో తనకు కావలసిన చిరునామానే కనుక్కోలేక ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కాబట్టి లైబ్రరీని మార్చక తప్పలేదు, జీపీఐఓ జీరోను ఎంచుకోవడమూ మంచి నిర్ణయమే. ఆ లైబ్రరీలో సెట్‌మోడ్ లాంటిదే లేదు. లేని పిలుపును తీసేయడం ఎవరైనా చేసేదే. కానీ ఐదు సంఖ్యలకు అర్థం చెప్పిన వరుస అదొక్కటే. అది ఉన్నంతవరకు 12 అంటే హెడర్ మీద పన్నెండో స్థానం; అది పోయాక జీపీఐఓ జీరో తన అలవాటు ప్రకారం ఉత్త సంఖ్యను బీసీఎం లెక్కగా తీసుకుంది.

ఎర్రర్ ఎందుకు రాలేదన్న ప్రశ్న టెక్నీషియన్ నన్ను అక్కడే అడిగారు. హెడర్ స్థానాలు 1 నుంచి 40 దాకా ఉంటాయి, బీసీఎం లెక్కలో వాడుకోదగ్గ లైన్లు 2 నుంచి 27 దాకా ఉంటాయి. కాబట్టి 2 నుంచి 27 లోపు ఏ స్థానం సంఖ్య రాసినా అది బీసీఎం లెక్కలోనూ చెల్లుతుంది. వైర్లు 29 నుంచి 40 దాకా ఉన్న పిన్నుల్లో ఉండి ఉంటే ప్రోగ్రాము మొదలుకాగానే అలాంటి పిన్ను లేదని ఆగిపోయేది, తప్పు నిమిషంలో దొరికేది. ఈ పెట్టెలో ఐదు సంఖ్యలూ ఆ హద్దుకు లోపలే ఉన్నాయి. తప్పు రెండో దిక్కున జరిగితే కొంత నయం: బీసీఎం సంఖ్యలను బోర్డ్ మోడ్‌లో ఇస్తే 2, 4, 6, 9, 14, 17, 20, 25 అన్నవి హెడర్ మీద పవర్ లేదా గ్రౌండు స్థానాలు కాబట్టి పాత లైబ్రరీ వాటిని ఒప్పుకోదు. మన కేసులో జరిగిన దిక్కున అలాంటి అడ్డుకట్ట ఏదీ లేదు.

పాత ప్రోగ్రాములు వెతికేటప్పుడు మూడో లెక్క కూడా ఎదురవుతుంది. వైరింగ్‌పై అనే లైబ్రరీకి తనదైన వరుస ఉంది. హెడర్ మీది 12వ పిన్ను బీసీఎంలో 18 అయితే అందులో 1. అలాగే 15వ పిన్ను బీసీఎంలో 22, అందులో 3. మూత కాగితంలో 1, 5, 3, 6, 4 అని ఉండి ఉంటే, అవి ఈ లెక్క ప్రకారం ఇవే ఐదు పిన్నులు. ఒంటరి సంఖ్యను చూసి అది ఏ లెక్కకు చెందినదో ఊహించడం కుదరదు. పైగా ఊహ తప్పినా కూడా ఏదో ఒక పిన్ను కదులుతుంది.

సరిచేసిన తీరు

ఇలాంటి చోట ఒకేసారి అన్నీ సరిచేయాలన్న తొందర కలుగుతుంది, అది పనికిరాదు. టెర్మినల్ బ్లాకులో ఇదివరకు మార్చిన రెండు వైర్లు ఇంకా మారిన స్థితిలోనే ఉన్నాయి. ప్రోగ్రామును ముందు సరిచేసి ఉంటే ఒకటి, రెండు మడులు ఈసారి నిజంగానే తారుమారుగా తెరుచుకునేవి, మళ్లీ అనుమానం ప్రోగ్రాము మీదికి వెళ్లేది. అందుకే మొదట ఆ రెండు వైర్లను పాత స్థానాల్లోకి తెచ్చి, 24 వోల్టులు ఇచ్చి, రిలే ఇన్‌పుట్‌లను చేత్తో గ్రౌండుకు తాకిస్తూ నాలుగు మడులకూ సరైన నీళ్లు వెళ్తున్నాయని చూసుకున్నాం. ఆ తరువాతే ప్రోగ్రాము జోలికి వెళ్లాను.

పిన్నుల ఫైలులో ఉత్త సంఖ్యలు లేకుండా చేశాను. జీపీఐఓ జీరో పిన్నును పేరుతో కూడా తీసుకుంటుంది: ఆంగ్లంలో బోర్డ్ అన్న మాటను పెద్ద అక్షరాల్లో రాసి, ఖాళీ వదలకుండా పక్కనే 12 వేసి, మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే అది హెడర్ మీది పన్నెండో పిన్ను అవుతుంది. అదే పద్ధతిలో జీపీఐఓ అన్న మాట పక్కన 18 వేస్తే కూడా అదే పిన్ను. లెక్క పేరు సంఖ్యను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, రేపు మరొకరు ఫైలును ఇంకో చోటికి కాపీ చేసినా అర్థం వెంటే పోతుంది.

ఈ రెండింటిలో దేన్ని వాడాలన్న దానిపై పనిచేసేవారిలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. బీసీఎం లెక్కను సమర్థించేవారు లైబ్రరీలు, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) సందేశాలు, డాక్యుమెంటేషన్ అన్నీ అదే వాడతాయని అంటారు, అది నిజమే. స్థానం సంఖ్యను సమర్థించేవారికీ గట్టి కారణం ఉంది: 2012లో వచ్చిన రెండో రివిజన్ బోర్డుల్లో 13వ స్థానంలో ఉన్న లైను 21 నుంచి 27కు మారింది, 3, 5 స్థానాల్లో ఉన్న 0, 1 లైన్లు 2, 3గా మారాయి; స్థానం సంఖ్యతో రాసిన ప్రోగ్రాములకు మాత్రం ఆ మార్పు తగలలేదు. 2014లో 26 పిన్నుల హెడర్ 40 పిన్నులకు పెరిగినా మొదటి 26 స్థానాలు కదలలేదు. రాస్ప్‌బెర్రీ పై 5లో ఆ లైన్లు బ్రాడ్‌కామ్ చిప్పులోనివే కావు, అయినా పాత సంఖ్యలనే నిలబెట్టారు. బీసీఎం అన్నది ఇప్పుడు వారసత్వంగా వచ్చిన పేరు. నా మట్టుకు నేను ఒకటే చూస్తాను: ఈ పెట్టెను రేపు తెరిచే మనిషి చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది, అతడు లెక్కపెట్టేది స్థానాలనే. అందుకే ఈ పెట్టెకు స్థానం పేర్లు పెట్టాను. ప్రోగ్రాము మొదలైనప్పుడు లాగ్‌లో ఒక్కో మడికీ రెండు పేర్లనూ కలిపి రాస్తుంది, మడి 2 అంటే బోర్డ్ 18, జీపీఐఓ 24 అని.

వేరే బోర్డులకు వెళ్లినప్పుడు స్థానం సంఖ్య ఒక్కటే సరిపోదని కూడా గుర్తుంచుకోవాలి. ఆరెంజ్ పై పీసీలో హెడర్ అదే ఆకారంలో ఉంటుంది గాని 12వ పిన్ను పీడీ14 అనే లైనుకు వెళ్తుంది. ఆ బోర్డులో ఉండే ఆల్‌విన్నర్ చిప్పుల్లో బ్యాంకు (లైన్ల గుంపు) అక్షరం వరుసను 32తో గుణించి లైను సంఖ్యను కలపాలి. ఏ అంటే సున్నా, డీ అంటే 3, కాబట్టి పీడీ14 అంటే 110. బీగల్‌బోన్ బ్లాక్‌లోనూ బ్యాంకుకు 32 లైన్లే: పీ9 కనెక్టరులోని 12వ పిన్ను ఒకటో బ్యాంకులో 28వ లైను, అంటే 60. రాక్‌చిప్ చిప్పుల్లో బ్యాంకులోపల మళ్లీ ఎనిమిదేసి లైన్ల గుంపులు ఉంటాయి, ఒకటో బ్యాంకులో సీ6 అంటే 32, 16, 6 కలిపి 54. ఆకారం ఒకటే కదా అని ఒక బోర్డు ప్రోగ్రామును ఇంకో బోర్డులో వేసేవారు ఈ కూడిక చేసుకోకపోతే మన పట్టిక లాంటిదే వారికీ తయారవుతుంది.

ఫ్లోట్ విషయంలో సంఖ్యను సరిచేసి వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. తొట్టి నిండినప్పుడు మూసుకునే స్విచ్‌లో, వైరు తెగినా, పిన్ను తప్పినా, కనెక్టర్ ఊడినా, తొట్టి ఖాళీగా ఉన్నా కనిపించేది ఒకటే. ఈ రకం స్విచ్‌లో తేలే ముక్కను తిరగేసి పెడితే అది నీరు లేనప్పుడు మూసుకుని, నిండినప్పుడు తెరుచుకుంటుంది. అలా తిరగేసి, ప్రోగ్రాములో అర్థాన్ని కూడా తిప్పాం: మూసుకుని ఉంటేనే చోటు ఉన్నట్టు, తెరుచుకుంటే నిండినట్టు. ఇప్పుడు వైరు తెగితే వాల్వులు కట్టుకుంటాయి. మొదటి నుంచి ఇలా ఉండి ఉంటే, 36వ ఖాళీ పిన్నును చదివిన ప్రోగ్రాము తొట్టి నిండిందనుకుని ఒక్క వాల్వునూ తెరిచేది కాదు, తప్పు మొదటి గంటలోనే బయటపడేది.

రెండో కార్డు

పని అయిపోయిందనుకున్న తరువాత, అత్యవసరానికి ఉంచిన మరో మెమరీ కార్డును కూడా పరీక్షిద్దామని వేసి చూశాం. అందులో ప్రధాన ప్రోగ్రాము చక్కగా నడిచింది, కానీ వాల్వులన్నీ ఒక్కసారిగా మూసే చిన్న స్క్రిప్టు మాత్రం ఏ రిలేనూ విడిపించలేదు. మొదటి కార్డులో అదే స్క్రిప్టు బాగా పనిచేసింది.

ఆ స్క్రిప్టు జీపీఐఓ జీరోను కాకుండా ఎల్‌జీపీఐఓ లైబ్రరీని నేరుగా వాడుతోంది, అందులో చిప్పు సంఖ్యను సున్నా అని రాసి ఉంచారు. లైన్ల సంఖ్యలు 18, 24, 22, 25 అని సరిగానే ఉన్నాయి. ఇబ్బంది వాటి పైమెట్టులో ఉంది. రాస్ప్‌బెర్రీ పై 5లో కెర్నెల్‌కు కనిపించే జీపీఐఓ చిప్పులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి; మొదట్లో వచ్చిన కెర్నెల్ వెర్షన్లలో హెడర్ పిన్నులు 4వ చిప్పుగా ఉండేవి, తరువాతి వెర్షన్లలో వాటిని సున్నాకు మార్చారు. మొదటి కార్డులో కొత్త కెర్నెల్ ఉంది, రెండో కార్డులో పాతది ఉంది. పాత కెర్నెల్‌లో సున్నా చిప్పు బోర్డు లోపలి అవసరాల కోసం ఉన్నది, అందులోనూ 18 అన్న లైను ఉంది. మళ్లీ అదే కథ: సంఖ్య చెల్లుతుంది, ఎర్రర్ రాదు, కదిలేది మాత్రం వేరొకటి. ఈసారి కదిలించినది బోర్డు లోపలి లైన్లను కాబట్టి నేను దీన్ని మొదటి తప్పు కన్నా తీవ్రంగా తీసుకున్నాను.

జీపీఐఓడిటెక్ట్ అన్న కమాండు చిప్పులన్నిటినీ వాటి లేబుళ్లతో చూపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 5లో హెడర్‌కు చెందిన చిప్పు లేబులు పిన్‌సీటీఆర్‌ఎల్-ఆర్‌పీ1. అది ఏ సంఖ్యతో వచ్చినా ఆ లేబులు మారదు. స్క్రిప్టును సంఖ్య కోసం చూడకుండా లేబులు కోసం వెతికేలా మార్చాను, దొరకకపోతే ఏ లైనునూ ముట్టుకోకుండా ఆగిపోయేలా చేశాను. పాత సిస్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో (కెర్నెల్ చూపించే ఫైళ్లలో సంఖ్యలు రాసి పిన్నులను నడిపే తీరు) షెల్ స్క్రిప్టులు నడిపేవారికీ ఇలాంటిదే ఎదురవుతుంది: 6.6 కెర్నెల్ నుంచి రాస్ప్‌బెర్రీ పై 4లో ఆ సంఖ్యలు 512 నుంచి మొదలవుతాయి, 17వ లైను కావాలంటే 529 అని రాయాలి. అక్కడ కనీసం ఎర్రర్ అయినా వస్తుంది.

మూసే స్క్రిప్టుకు ఇంకొక షరతు కూడా ఉంది. ప్రధాన ప్రోగ్రాము లైన్లను పట్టుకుని ఉండగా దాన్ని నడిపితే, లైను ఖాళీగా లేదన్న ఎర్రరుతో ఎల్‌జీపీఐఓ ఆగిపోతుంది, కాబట్టి ముందు ప్రధాన ప్రోగ్రామును ఆపి, తరువాత లైన్లను పట్టుకునేలా వరుసను సవరించాను.

చివరి పరీక్ష

రెండు కార్డులతోనూ ఒకే పరీక్షను రెండుసార్లు చేశాం. టెక్నీషియన్ మడుల దగ్గర నిలబడ్డారు, నేను పెట్టె దగ్గర ఉన్నాను. నేను ఏ మడి తెరుస్తున్నానో చెప్పకుండా తెరిచాను, ఆయన నీళ్లు కనిపించిన మడి సంఖ్యను గట్టిగా చెప్పారు, నేను దాన్ని లాగ్‌తో సరిపోల్చి టిక్కు పెట్టాను. వరుస ముందే తెలిస్తే కన్ను తాను అనుకున్నదే చూస్తుంది కాబట్టి మూడు, ఒకటి, నాలుగు, రెండు అని వరుస తప్పించి అడిగాను. అన్నీ సరిపోయాయి. తరువాత నాలుగు వాల్వులూ తెరిచి ఉండగా ఆయన తొట్టిలో చేయి పెట్టి ఫ్లోట్‌ను పైకి లేపారు. నాలుగు రిలేలూ ఒకేసారి విడిపోయిన చప్పుడు పెట్టెలో వినిపించింది. ఫ్లోట్ వైరును 16వ పిన్ను నుంచి లాగేసి కూడా చూశాం, అప్పుడూ అలాగే కట్టుకున్నాయి.

మూత లోపలి కాగితాన్ని తీసి కొత్తది అంటించాం. అందులో పైన ‘హెడర్ స్థానం సంఖ్యలు, చతురస్రం ప్యాడ్ ఉన్నది 1’ అని రాసి, కింద ఒక్కో వైరు రంగు, స్థానం, జీపీఐఓ పేరు మూడింటినీ పక్కపక్కన రాశాం. తెప్పించి ఉంచిన కొత్త రిలే బోర్డును ప్యాకింగ్ విప్పకుండానే వెనక్కి పంపారు.